ఎడమ బూటు ముడి గురించి శ్రీదుర్గ చెప్పినది

నా పేరు కొక్కిలిగడ్డ శ్రీదుర్గ. తండ్రి పేరు నాంచారయ్య, ఆయన ఇప్పుడు లేరు. వయసు ఇరవై ఏడు. మచిలీపట్నంలో డిగ్రీ చదివాను. ఉండేది దివిసీమలో, నాగాయలంక దిగువన ఉన్న మా పల్లెపాలెంలో, మా అమ్మ జ్ఞానమ్మతో. మా పాలెం దగ్గర సముద్రపు పాయ ఒడ్డున అంకమ్మరావు గారి కైట్ స్కూల్లో నాలుగేళ్ళుగా శిక్షకురాలిగా పనిచేస్తున్నాను. పెద్ద గాలిపటం లాగుతుంటే కాళ్ళకి బోర్డు తగిలించుకుని నీళ్ళమీద జారే ఆట నేర్పుతాం. ఎవరికి ఏ బోర్డు, ఏ బూట్లు అన్నది చూసి, బిగించి ఇచ్చేది నేనే. వేరే ఎవరూ ముట్టుకోరు.

ఈ రోజు 21-05-2025 బుధవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు స్టేషన్‌కు నా అంతట నేను వచ్చాను. ఎవరూ పిలవలేదు. రావద్దని చెప్పినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను. ఎస్సై నవ్యశ్రీ గారు అడుగుతుంటే నేను చెబుతున్నాను, రైటర్ గారు రాస్తున్నారు. మెల్లగా చెప్పమ్మా అన్నారు. నాకు మెల్లగా మాట్లాడడం రాదు, ప్రయత్నిస్తాను.

మా స్కూల్లో రక్షణ పడవ నడిపే మోహన్ నిన్న మధ్యాహ్నం నుంచి ఈ స్టేషన్ లాకప్పులో ఉన్నాడు. అతను మా మేనమామ కొడుకు, నాకు బావ. గుడివాడకు చెందిన తేజ అనే కుర్రాడి ఎడమ మడమ నరాన్ని కావాలని కత్తితో కోశాడని అతనిమీద కేసు. ఈ మధ్యాహ్నం కోర్టుకు తీసుకెళ్తారని తెలిసింది. అందుకే ఈ పూటే వచ్చాను.

తేజ ఫిబ్రవరి నుంచి శని, ఆదివారాల్లో కారేసుకుని మా దగ్గరికి వస్తున్నాడు. వయసు ఇరవై నాలుగు, బరువు డెబ్బై ఎనిమిది కిలోలు, పాదం తొమ్మిదో నంబరు. మొదట స్ట్రాప్ బోర్డు ఇచ్చాను. దాని మీద పాదాన్ని ఒక పట్టీ కింద దూరిస్తే చాలు, పడితే కాలు దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. మార్చి నెలాఖరుకి అది చప్పగా ఉందన్నాడు. నడుము కొక్కెం నుంచి గాలిపటం హ్యాండిల్‌ను విడిపించి, గాల్లోకి ఎగిరి, దాన్ని వీపు వెనక నుంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకునే పద్ధతి ఒకటి ఉంది. అది నేర్చుకుంటానన్నాడు. దానికి పట్టీలు చాలవు. కాలు బోర్డుమీద కదలకూడదు. పాదాన్ని, మడమని, చీలమండని కలిపి పట్టే బూట్లు కావాలి.

బోర్డు ఎంపికలో నేను పొరపాటు చేయలేదు. నూట నలభై సెంటీమీటర్లది, గట్టిది, రెండు చివర్లూ బాగా వంపు తిరిగినది ఇచ్చాను. అంత ఎత్తునుంచి పడేటప్పుడు ముక్కు నీళ్ళలో గుచ్చుకోకుండా ఆ వంపు కాపాడుతుంది. బూట్ల మరలు పట్టే చోట లోపల బలం వేసిన బోర్డు అది. నాలుగు మరలూ నేనే బిగించాను. బూట్లు తొమ్మిదో నంబరువి ఇచ్చాను. కాలు ఎంత బిగువుగా ఉండాలంటే మడమ లేవకూడదు. ఎంత వదులుగా ఉండాలంటే ఒక్క లాగుకి బయటికి రావాలి. ఈ రెంటి మధ్య వెంట్రుకవాసి తేడా, నా ఉద్యోగమంతా ఆ తేడా పట్టుకోవడమే.

మే పదకొండో తేదీ ఆదివారం ఎడమ బూటు తాడు తెగింది. ఆ తాడు చివర ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది, దాన్ని వేలితో నొక్కితే బూటంతా వదులవుతుంది. తాడుతోపాటు క్లిప్పూ విరిగింది. కొత్తది గోవా నుంచి రావాలి. స్కూల్లో ఇంకొక జత ఉంది గానీ అది పదో నంబరు, అందులో తేజ మడమ లేస్తుంది.

పద్దెనిమిదో తేదీ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు తేజ వచ్చాడు. విన్యాసం వీడియో తీయడానికి స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అతను ఫోను పట్టుకుని నీళ్ళ అంచుకి వెళ్ళిపోయాడు, బూట్ల దగ్గర మేమిద్దరమే ఉన్నాం. తాడు రాలేదని చెప్పాను.

"అక్కా, రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చానక్కా. ఏదో ఒకటి చెయ్యక్కా. నువ్వు చెయ్యలేనిది ఏముంది?" అన్నాడు.

ఈ రోజు స్ట్రాప్ బోర్డే అని నేను అనాల్సింది. అనలేదు. చేతకాలేదని అనిపించుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆ మాట ఇక్కడ రాయించుకుంటున్నాను.

ఇంట్లోంచి వల నైలాన్ తాడు తెచ్చి ఎడమ బూటుకి కట్టాను. మొదట జారుముడి వేశాను. తేజ పదిహేను నిమిషాలు తిరిగి వచ్చి "మడమ లేస్తుందక్కా" అన్నాడు. చూస్తే ముడి వదులైంది. అప్పుడు వల అల్లేటప్పుడు వేసే ముడి వేశాను. అది ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఆరేళ్ళ వయసులో మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా ఇళ్ళలో ముడి ఊడిందంటే పరువు పోయినట్టే. మా అమ్మ వేసిన వలలో ఒక్క కన్ను ఊడిందని ఇంతవరకు ఎవరూ అనలేదు, నేను వేసిన ముడిని కూడా ఎవరూ అనలేదు. ఊడని ముడే మంచి ముడి అని ఇరవై ఏళ్ళు చేతులకి నేర్పాను. ఈ పనిలో మాత్రం ఊడేదే మంచి ముడి. అది నాకు తెలుసు, నాలుగేళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాను. నా చేతులు ఆ సంగతి మర్చిపోయాయి.

మా స్కూల్లో ఒక పద్ధతి ఉంది. బూట్లు బిగించాక ఇసుకలో వెల్లకిలా పడుకోబెట్టి పది లెక్కపెడతాం. ఆలోపు ఎవరి సాయం లేకుండా రెండు కాళ్ళూ బయటికి తీయాలి. తేజ ఏడు లెక్కపెట్టేలోగా తీశాడు. కానీ అప్పటికి ముడి కొత్తది, దానిమీద ఇంకా బరువు పడలేదు, అందుకే వేళ్ళకి వదులైంది. మళ్ళీ బిగించి ఇచ్చాను. గంటసేపు ఎగిరి పడితే ఆ ముడి ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

రెండూ నలభైకి మోహన్ బావకి, తేజకి మాటామాటా వచ్చింది. మా స్కూలుకి కొంచెం తూర్పుగా వలలు కట్టే వెదురు గుంజలు ఉన్నాయి. ఆటు మొదలైతే నీళ్ళన్నీ వాటి మధ్య నుంచే సముద్రంలోకి లాగేస్తాయి. బావ ఒడ్డున నిలబడి గట్టిగా చెప్పాడు.

"ఒరేయ్ తేజా, మూడింటికి ఆటు మొదలవుద్ది. ఆ గుంజల వైపు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా, ఏమనుకుంటున్నావో!"

"నువ్వు పడవ సంగతి చూసుకో అన్నా. నా సంగతి నాకు తెల్సు."

పన్నెండు మంది విన్నారు. తేజ నాన్నగారు ఇచ్చిన ఫిర్యాదులో ఈ మాట ఉందని ఎస్సై గారు చెప్పారు. మా వైపు ఈ మాటకి అర్థం జాగ్రత్తగా ఉండమని. చిన్నప్పుడు మా అమ్మ నా కాళ్ళు రోజుకి రెండుసార్లు విరగ్గొడతాననేది. నేను నడిచే స్టేషన్‌కి వచ్చాను.

మూడూ యాభై రెండుకి తేజ గుంజలకి యాభై అడుగుల దూరంలో పైకి ఎగిరాడు. హ్యాండిల్ రెండో చేతికి అందలేదు. పడ్డాడు. గాలిపటం నీళ్ళలో కూలింది. ఆటు అతన్ని గుంజల్లోకి లాక్కుపోయింది, బోర్డు రెండు వెదుళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కుంది. కుడి కాలు బయటికి వచ్చింది, అది నేను ఒడ్డునుంచి చూశాను. ఎడమ కాలు రాలేదు. కాలు బోర్డుకి అంటుకుని ఉంది, ఒళ్ళంతా ప్రవాహంలో సాగిపోయింది, తల మునిగింది. లేచింది. మళ్ళీ మునిగింది. నా చేతికి వాచీ ఉంది. పాఠాలకి టైము చూడడం అలవాటై చూశాను. చూస్తూ ఈల వేస్తూనే ఉన్నాను.

మూడూ యాభై నాలుగుకి బావ పడవ చేరింది. అప్పటికి నేనూ నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ సగం దూరంలో ఉన్నాను. బావ నీళ్ళలోకి దూకి, ఎడమ చెయ్యి తేజ మెడ కింద పెట్టి తల పైకెత్తి, కుడి చేత్తో బూటు తడిమాడు. ముడి విప్పడానికి రెండు చేతులూ కావాలి. రెండో చెయ్యి తీస్తే తేజ తల మునుగుతోంది. రెండుసార్లు తీశాడు. రెండుసార్లూ మునిగింది. అప్పుడు నా వైపు తిరిగి అరిచాడు.

"దుర్గా! ఇది నీ ముడేనా?"

"నాదే బావా! ఊడదు! కొయ్యి!"

కొయ్యమన్నది నేను. మూడూ యాభై ఆరుకి కోశాడు. ఒక్క చేత్తో, మురికి నీళ్ళలో, కనిపించని చోట. తాడు తెగింది, కత్తి జారింది. కాలు బయటికి వచ్చింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. నాలుగూ మూడుకి ఒడ్డుకి చేర్చాం. ఒడ్డున వదిలిన నా చున్నీతో కట్టు కట్టి కార్లో అవనిగడ్డ పంపాం, అక్కడి నుంచి విజయవాడ తీసుకెళ్ళారు. నరం కుట్టారని, నడక ఎలా ఉంటుందో ఆరు నెలలు పోతేగాని చెప్పలేమన్నారని తెలిసింది. తేజకి కత్తి ఒక్కటే గుర్తుందట.

సోమవారం ఉదయం పదకొండు గంటలకు తేజ నాన్నగారు మధుసూదనరావు గారు స్కూలుకి వచ్చారు. పెద్దాయన కేకలు వెయ్యలేదు. కుడి బూటు చేతిలోకి తీసుకుని, క్లిప్పు నొక్కారు. బూటు తెరుచుకుంది.

"ఇదిగో, ఇలా నొక్కితే వచ్చేస్తుంది కదండీ. చిన్నపిల్లాడు కూడా తీస్తాడు. మరి కత్తెందుకండీ?" అని అందర్నీ అడిగారు.

మళ్ళీ బిగించి, మళ్ళీ నొక్కారు. నేను అక్కడే ఉన్నాను. ఆయనకి మూడడుగుల దూరంలో ఉన్నాను. నేను మాట్లాడలేదు. ఎడమ బూటుని పోలీసులు అప్పటికే స్టేషన్‌కి తెచ్చారు, దానికి తాడు లేదు. తెగిన తాడు ఆటులో కొట్టుకుపోయింది. క్లిప్పు ఉండేదని అందరూ అనుకున్నారు. నేను మాట్లాడలేదు. ఆయన బూటు బల్లమీద పెట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయారు. ఆ పూట నాకు నామీద అసహ్యం వేసింది, అయినా మాట్లాడలేదు.

ఆయన వెళ్ళాక అంకమ్మరావు గారు నన్ను లోపలికి పిలిచారు. "బోర్డు కరెక్టు. సైజు కరెక్టు. ఏం జరిగినా బాధ్యత తనదేనని కుర్రాడు సంతకం పెట్టిన కాగితం ఉంది. తాడు సంగతి నిన్నెవరూ అడగలేదు. కొరివితో తల గోక్కోకమ్మా," అన్నారు. ఆయన నాకు చెడు కోరి అనలేదు. మా పాలెంలో ఆడపిల్ల శిక్షకురాలి సర్టిఫికెట్ తెచ్చుకుంటే స్కూలు గేటుకి నా ఫోటో కట్టించిన మనిషి ఆయన.

నిన్న సాయంత్రం బావకి అన్నం తెచ్చాను. కటకటాల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "నువ్వు నోరు మెదపకు. నీకు సర్టిఫికెట్ పోద్ది. నాదేముంది, పడవేగా, ఎక్కడైనా తోలుకుంటా." అన్నం మాత్రం తినలేదు. చేపల పులుసు వదిలిపెట్టే మనిషి కాదు. క్యారేజీ నిండుగా ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ మూత తీసి చూసి, "వాడు నీకోసం ఆకలితో ఉన్నాడే," అంది. అంతే అంది. పొద్దున్నే లేచి వచ్చేశాను.

రావద్దన్న ఆ ఇద్దరూ అంకమ్మరావు గారు, బావ.

ఇదంతా చెబితే కేసు నా మీదికి తిరగవచ్చని ఎస్సై గారు నాకు రెండుసార్లు చెప్పారు. నాకు అర్థమైంది. భయంగా ఉంది. సర్టిఫికెట్ పోతుందని కూడా భయంగా ఉంది. కాలు కోసింది బావ కత్తే, కానీ కత్తి తీయించింది నా ముడి.

ఇది బావని తప్పించడానికి చెబుతున్న మాట కాదని ఎలా నమ్మాలని ఎస్సై గారు అడిగారు. తాడు ఇప్పించమన్నాను. ఫైళ్ళు కట్టే నైలాన్ తాడు తెచ్చారు. చెక్క కుర్చీ కాలికి అదే ముడి వేశాను. బకెట్‌తో నీళ్ళు తెప్పించి కాలు ముంచారు. కానిస్టేబుల్ గారిని తాడు పట్టుకుని పది సార్లు గట్టిగా లాగమన్నారు. తర్వాత విప్పమన్నారు. ఎస్సై గారు గోడ గడియారం చూశారు. కానిస్టేబుల్ గారు రెండు చేతులతో మొదలుపెట్టారు. నిమిషం తర్వాత ఎస్సై గారు, "ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి," అన్నారు. లోపలి నుంచి బావ "దుర్గా, ఇంక చాలు" అని అరిచాడు. అది కూడా రాయమన్నాను. నాలుగు నిమిషాలు గడిచాయి. ముడి ఊడలేదు. కానిస్టేబుల్ గారి గోరు చిట్లింది. బ్లేడు తెచ్చారు. ఒక చేత్తోనే కోయమన్నారు. తాడు తెగింది. కుర్చీ కాలికి అంగుళం పొడవున గాటు పడింది. ఎస్సై గారు వంగి ఆ గాటుని వేలితో తడిమి చూశారు. తర్వాత నన్ను కూర్చోమన్నారు, ఆ కుర్చీలోనే.

రాసినదంతా రైటర్ గారు నాకు చదివి వినిపించారు. రెండు చోట్ల టైము తప్పు పడితే దిద్దించాను. నేను కళ్ళారా చూసింది, చేతులారా చేసింది, చెవులారా విన్నది తప్ప ఇందులో వేరే ఏదీ లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇదంతా నిజమని ఒప్పుకుని, నాకు తెలిసే కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం) కె. శ్రీదుర్గ
21-05-2025, మధ్యాహ్నం 12.35