కూరలో తేలిన జాతి

కర్మన్‌ఘాట్‌లో ఆదివారం మధ్యాహ్నం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పే చక్రపాణి గారి వంటింట్లో కుక్కర్ మూత అప్పుడే తీశారు.

"మాడ్చేశావా ప్రభా?"

"మాడలేదండీ. వాసన చూడండి, మాడిన వాసనొస్తోందా?"

"మరి ఈ నలుపేంటి?"

"కోసినప్పుడే ముక్కలు నల్లగా ఉన్నాయి. ఇదేం కోడమ్మా అని చికెన్ కొట్టతను కూడా అడిగాడు. క్రాసు జాతి బాబూ, మా ఆయన స్వయంగా చూశారు అన్నాను."

"ఎముక?"

"ఎముకా నలుపే. ఏంటండీ, అలా కూలబడ్డారు?"

"మాంసం, ఎముక నల్లగా ఉండేది అసలైన కడక్‌నాథ్ జాతి కోడికేనే! అసలుదాన్ని కోయించి, క్రాసుదాన్ని గూట్లో దాచుకున్నాను."

"మెడ మీద బంగారు రంగు ఈకలుంటే క్రాసన్నారుగా?"

"అన్నాను."

"వీడియో తీసి, వాట్సాప్‌లో అందరికీ పంపి మరీ అన్నారు."

"అన్నానే తల్లీ! జువాలజీ లెక్చరర్ని, నాకు తెలీదా అనుకున్నాను. అసలు జాతిలోనూ బంగారు మెడవి ఉంటాయని ఇప్పుడు గుర్తొస్తోంది."

"మరి మేడ మీద గూట్లో ఉన్న నల్లది?"

"పొద్దున నన్ను పొడవబోయినప్పుడు నోరు తెరిచింది. నాలుక గులాబీ రంగు. అసలుదైతే నాలుక కూడా నల్లగా ఉండాలి."

"అప్పుడైనా అనుమానం రాలేదా? కిళ్లీ వేసుకుందనుకున్నారా?"

"తిట్టు. ఈ పూట ఎంత తిట్టినా తక్కువే."

"మహేందర్‌కేం చెబుతారు? అసలు పెట్టనిస్తానన్నారు, భోజనానికి కూడా రమ్మన్నారుగా."

"అదేగా నా ఏడుపు! రోజూ ఆటోలో నన్ను దింపే మనిషి. ఆటోతో ఇల్లు గడవట్లేదు సార్, మంచి జాతి పెంచి గుడ్లమ్ముకుంటానని ఆశపడ్డాడు. పట్టుకెళ్లాల్సిన పెట్టనే వడ్డించి పంపాలి."

"పోనీ ఆ నల్లదిచ్చేయండి. ఆయనకేం తెలుస్తుంది?"

"ఛ! నన్ను నమ్మాడు ప్రభా. నన్ను నేనే నమ్మకుండా ఉండాల్సింది."

"బెల్లు మోగుతోంది. వెళ్లి తలుపు తీయండి."

"రా మహేందర్, కూర్చో."

"ఎల్బీ నగర్ కాడ ట్రాఫిక్ సార్, జర లేటైంది. పెట్ట ఏది? బుట్ట గూడ తెచ్చిన."

"అదీ... మంచినీళ్లు తాగుతావా?"

"తాగిన సార్. పెట్ట?"

"నీకిస్తానన్న పెట్ట కుక్కర్లో ఉంది."

"ఏందీ?"

"బంగారు మెడ చూసి క్రాసనుకుని కోయించాను. కోస్తే లోపలంతా నలుపు. అదే అసలుది. నాకు పుస్తకంలో బొమ్మగీసిన కోడే తెలుసయ్యా, గూట్లో తిరిగే కోడి తెలీదు. నవ్వు, ఫర్లేదు. మహేందర్? నవ్వమన్నానా! ఏంటలా అయిపోయావ్?"

"అమ్మా, కూర జర చూపిస్తరా?"

"ఇదిగో బాబూ. కోపం తెచ్చుకోకండి, మా ఆయన కావాలని చేయలేదు."

"కోపం కాదమ్మా. గిట్లనే ఉండె. అచ్చం గిట్లనే."

"ఏది?"

"మొన్న సార్ వీడియో చూసి, తుర్కయంజాల్ల మా ఇంటెనక ఉన్న బంగారు మెడ కోళ్లన్నిటిని క్రాసేనని కోసి, చుట్టాలకు దావత్ ఇచ్చిన. ఒక్కటి గూడ మిగల్లే. గందుకే గద సార్, మళ్ల మొదలుపెడదామని మీ కాడికొచ్చిన."