డేగక్క పెట్టిన గుర్తులు

ఇంజక్షన్ మందు నింపే గాజు సీసాల ఫ్యాక్టరీ. తనిఖీ గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకరు కెమెరా మిషన్ చూసుకునే ఇంజనీరు, ఇంకొకరు ఇరవై రెండేళ్ళుగా సీసాలు చూస్తున్న పెద్దావిడ.

"మళ్ళీ చూడండి అక్కా."

"చూశాగా."

"ఇంకొక్కసారి. ఈ మూడింటినీ దీపం ముందు పెట్టి చూడండి."

"ఎన్నిసార్లు చూసినా అంతే బాబూ. బాగున్నాయి. బయట లారీ నిండిపోయి నిలబడి ఉంది. సంతకం పెట్టి పంపించెయ్."

"లారీ ఆగుతుందిలెండి. ఇవి ఎక్కణ్ణించి వచ్చాయో తెలుసా?"

"మన కొలిమిలోంచి. ఇంకెక్కణ్ణించి వస్తాయి?"

"ఆసుపత్రి నుంచి. పోయిన నెల మనం పంపినవే. ఆ మందు ముగ్గురికి ఎక్కించారు. ఇద్దరికి జ్వరమొచ్చి తగ్గింది."

"మూడో మనిషి?"

"పిల్లల తల్లట. ఇంకా కళ్ళు తెరవలేదు."

"అయ్యో... అయినా, మందులోనే ఏదో తేడా ఉండుంటుంది. ప్రతిదానికీ సీసా మీద పడితే ఎలా?"

"సీసా మెడ దగ్గర పగులుంది. వెంట్రుక కన్నా సన్నం. అందులోంచి గాలి చేరి మందు పాడైంది."

"పగులుంటే నీ కెమెరా పట్టుకోవాలిగా! నిమిషానికి మూడొందల సీసాలు చూస్తుంది, ఆవులించదు, టీకి లేవదు అని ఊదరగొట్టావుగా!"

"అదే నా బాధ. వారం నుంచి కళ్ళల్లో వత్తులేసుకుని వెతుకుతున్నా. లెన్సు తుడిచా. దీపాలు మార్చా. నల్ల మచ్చ ఉంటే పట్టేస్తోంది. బుడగ ఉంటే పట్టేస్తోంది. అంచు విరిగితే పట్టేస్తోంది. ఈ సన్న పగుళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఫొటోలో నాకు కనిపిస్తూనే ఉంది, అది మాత్రం 'మంచిది' అని పంపించేస్తోంది."

"దానికి చత్వారం వచ్చిందేమో."

"నవ్వులాట కాదక్కా. దానికి సొంత బుద్ధంటూ ఉండదు. మనం నేర్పిందే నేర్చుకుంటుంది. పదివేల ఫొటోలు చూపించి, ఇది మంచిది, ఇది చెడ్డది అని గుర్తులు పెట్టి నేర్పాం. ఆ గుర్తులు పెట్టిందెవరు?"

"నేనే. నువ్వేగా బతిమాలావు, డేగక్కా, మీ చూపే దానికి రావాలి అని."

"మీరు చూసిన సీసా ఒక్కటి కూడా ఇన్నేళ్ళలో తిరిగి రాలేదు. మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడుగుతాను?"

"అడిగావు, చేశాను. ఇప్పుడు దొంగని పట్టుకున్నట్టు ఈ ప్రశ్నలేంటి?"

"పొద్దున్నే ఆ పదివేలూ తిరగేశా. పగులున్న ఫొటోలు నాలుగొందల దాకా ఉన్నాయి. అన్నిటికీ 'మంచిది' అనే గుర్తుంది."

"అన్నిటికీనా?"

"ఒక్కటి మిగలకుండా."

"చెయ్యి జారి ఉంటుంది."

"నాలుగొందల సార్లా?"

"ఆ ఫ్యాన్ వెయ్యి. ఉక్కగా ఉంది."

"వేసే ఉందక్కా."

"వేసే ఉందా... సరే."

"నీళ్ళు నమలకండి. ఇదిగో, ఈ సీసా పట్టుకోండి. పగులెక్కడుందో చూపించండి. అటు, దీపం వైపు పెట్టి. మొహం తిప్పుకుంటారేంటి?"

"ఎదురుగా వెలుగుంటే తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు. మూడేళ్ళేమో. మచ్చలూ అవీ కనిపిస్తాయి. సన్నవి కనిపించవు. ఎవరితో చెప్పమంటావు? చెబితే అట్టపెట్టెలు మడిచే చోటికి తోసేస్తారు. నలుగురి చేతా డేగక్క అని పిలిపించుకుని, అక్కడికెళ్ళి కూర్చోనా? సిగ్గేసింది బాబూ."

"మరి ఈ మూడేళ్ళూ ఒక్కటి కూడా తిరిగి రాలేదే!"

"చేత్తో చూసేదాన్ని. మెడ చుట్టూ గోరు తిప్పితే పగులు దగ్గర గోరు తట్టుకుంటుంది. అక్కడా అనుమానమొస్తే పక్క సీసాకి తాటించేదాన్ని. మంచిదైతే ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. చూడు... ఇదీ. ఇదీ. ఇది కూడా. మూడూ పగిలినవే."

"ఇందాక బాగున్నాయన్నారు!"

"చేతిలోకి తీసుకోగానే తెలిసింది. భయమేసి అన్నాను."

"అయ్యో అక్కా..."

"కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫొటోలిచ్చావు. ఫొటో మీద గోరెలా తిప్పను? కనిపించినదాన్ని చెడ్డది అన్నాను, కనిపించనిదాన్ని మంచిది అన్నాను. ఏవో నాలుగు తప్పులు పోతే పోతాయిలే అనుకున్నాను. అది నా గుడ్డితనాన్నే నేర్చుకుంటుందని నాకేం తెలుసు?"

"ఉండండి, గేటు నుంచి ఫోన్... ఆఁ, చెప్పు. ఆగమను. డ్రైవరు అరిస్తే అరవనీ. నేను చెప్పేదాకా గేటు తియ్యొద్దు."

"లారీలో ఎన్నున్నాయి?"

"అరవై వేలు. అన్నీ మంచివే అంది మిషన్."

"దింపించు."

"దింపించి? సాయంత్రానికి మందు కంపెనీకి చేరకపోతే మేనేజరు నా తాట తీస్తాడు."

"తియ్యనీ. ఆ తల్లి కళ్ళు తెరవలేదన్నావు. ఇంకో పదిమందిని పడుకోబెడతావా? దింపించు, గోరుతో నేను చూస్తా."

"మీరొక్కరే అరవై వేలా?"

"నాతో కూర్చున్నవాళ్ళు పదకొండు మంది ఉండేవారుగా, వాళ్ళని పిలిపించు. అందులో మా తోడికోడలు కూడా ఉంది. అందరూ మంచి కళ్ళున్నవాళ్ళు. కెమెరా వచ్చిందని మీరు మాన్పించారు, పాపం మా తోడికోడలు మూడు నెలలుగా నాతో మాట మానేసింది. ఒకే పొయ్యి మీద వండుకుంటాం, కంచం నా ముందు పెట్టేసి పోతుంది. నేనేం చేశానో చెప్పదు."

"కెమెరా వచ్చిందని కాదక్కా మాన్పించింది."

"మరి?"

"కెమెరాకి అనుమానం వచ్చిన సీసాలు చూడ్డానికి ఆరుగుర్ని ఉంచుదామనుకున్నాం. ఎవర్ని ఉంచాలో తేల్చడానికి పరీక్ష పెట్టాం. మీకు చెప్పొద్దన్నాడు మేనేజరు."

"ఏం పరీక్ష?"

"మీరు గుర్తులు పెట్టిన ఫొటోల్లోంచే ఐదొందలు తీసి చూపించాం. మీరేది రాస్తే అదే సరైన జవాబు. ఆ సంగతి వాళ్ళకీ చెప్పాం."

"తప్పారా?"

"పదకొండు మందీ."

"మా తోడికోడలు తప్పడమేంటి? దాని చూపు నీకు తెలీదు."

"అందరికన్నా ఆవిడవే ఎక్కువ తప్పులు."

"ఏం తప్పులు?"

"అక్కా, ముందు లారీ సంగతి..."

"లారీ ఎటూ పోదు. ఏం తప్పులో చెప్పు."

"మీరు 'మంచిది' అన్న సీసాలకి పగులుందని రాశారు. పదకొండు మందీ, సరిగ్గా అవే సీసాలకి. అందుకే ఒకరిది చూసి ఒకరు రాశారని, దొంగలని మొహం మీదే అని, బయటికి పంపించేశాం అక్కా."