మగ్గానికి వెయ్యాల్సిన దండ

సూరత్‌లోని గదిలో, మిల్లుకు బయల్దేరుతూ అద్దం ముందు ఆగిపోయిన లింగమూర్తిని బామ్మర్ది కదిలించాడు.

"ఓట్లకు ఊరికి పోతలేవా బావా?"

"నా పేరు తీసేసిన్రు. సచ్చిపోయిన్నని రాసుకున్నరు."

"వాళ్లకు ఎవలు చెప్పిన్రు గట్ల?"

"ఎవలూ చెప్పలే. ఏటా దసరకు మగ్గానికి దండేస్తుండె అమ్మ. మగ్గం అమ్మేసినంక, ఈడ సాంచ, గదే కరెంటు మగ్గం కాడ నేను దిగిన ఫోటోకు ఏసింది. ఓట్ల లిస్టు తనిఖీకొచ్చిన సారు, అమ్మ ఇంట్ల లేనప్పుడు కిటికిలకెళ్లి సూశి పోయిండు."

"మరి ఈడ రాయించుకోరాదు?"

"ఇంటి ఓనరు కిరాయి కాగితం ఇస్తలేడు."

"మీ అమ్మ ఆ దండ తీసిందా?"

"ఎప్పుడో తీసింది."

లింగమూర్తి అద్దంలోకి చూస్తూనే మెడ తడుముకున్నాడు.

"జర సూడురా, నాకింకా ఉన్నట్టే కొడుతున్నది."