మోకాళ్లు మొండికేసిన కాడ్నించి

"మామ్మా, ఫోన్లో రికార్డింగ్ పెట్టాను. నీ మోకాళ్ల సంగతి చెప్పు."

పెట్టీసినావా? ఆ ఎర్రగా ఎలుగుతున్నాదే, అదేనా? సరే. మోకాళ్ల సంగతంటే ఏటి సెప్పమంటావే తల్లీ, రెండున్నాయి, రెండూ పాడైపోనాయి. బస్, ఖతమ్. కాదులే, సెప్తాను, కూకో.

మాది సీకాకుళం దగ్గిర పల్లె. పెళ్లైన ఏడే మీ తాత నన్ను ఓడెక్కించి ఈ దీవికి తెచ్చీసినాడు. మీ తాతంటే మా ఆయనే, నీకు వరస కలిపి సెప్తన్నాను. ఇక్కడ రంగత్‌లో బస్సులాగే కాడ హోటలెట్టినాం. హోటలంటే ఏటనుకున్నావు, నాలుగు రేకులు, ఓ పొయ్యి. అప్పుడు రూపాయికి నాలుగు వడలు. కాదు కాదు, ఐదు. ఐదోది మీ తాత నాకు తెలీకండా ఏసీవోడు, గిరాకీ నిలబడాలని.

అప్పట్నించీ నాను పీట మీద కూకునే వండినాను. కుడిచేతి కాడ పొయ్యి, ఎడంచేతి కాడ పిండి గిన్ని, ఎడం మోకాలి పక్కన ఉప్పు డబ్బా. కళ్లు మూసుకున్నా సెయ్యి దాని దారిన అది ఎల్లొచ్చీసీది. పొద్దున్న మాయాబందర్ బస్సు ఆగితే ఇరవై నిమిషాలే కదా, ఆ ఇరవై నిమిషాల్లో అరవై వడలు దింపీసీదాన్ని.

మరి మూడేళ్లయిందో నాలుగేళ్లయిందో, మోకాళ్లు పట్టీసినాయి. కూకుంటే లెగలేను. "ఏమండీ" అంటే మీ తాతొచ్చి రెండు సేతులూ అట్టుకుని లాగీవోడు. ఆయనకేమో నడుం నొప్పి, అది నాకు సెప్పలేదు. ఓ రోజు లాగినాడు, సగం లేపినాడు, అక్కడే ఆయన నడుం పట్టీసింది. నాను సగం లెగిసి, ఆయన సగం వొంగి, అలాగే ఉండిపోనాం. సేతులొదిల్తే నాను నూని మూకుడు మీద పడతాను. బస్సేమో హారన్ కొడతన్నాది. ఆఖరికి కండక్టర్ మురుగన్, తమిళాయన, మా కాడే ముప్ఫై ఏళ్లుగా తింటన్నాడు, ఇద్దరు పాసింజర్లని తెచ్చి "ఏక్, దో, తీన్" అని మమ్మల్ని నిలబెట్టినాడు. నిలబెట్టి, "దీదీ, వడా జల్ రహా హై" అన్నాడు, వడ మాడిపోతన్నాదంట.

డాక్టరమ్మకి సూపించుకున్నాను. కింద కూకోవద్దు, నిలబడి వండుకో అన్నాది. మీ తాత ఎత్తు బల్ల తెచ్చి పొయ్యి దాని మీదెట్టినాడు. నిలబడ్డాను. ఏటి సెప్పను, సెయ్యికి దారి తెలీలేదు. ఉప్పుకని ఎడం పక్కకి పోతాది, అక్కడేటీ లేదు. ఓ వాయికి ఉప్పు రెండుసార్లు పడతాది, ఓ వాయికి అసలే పడదు. వడకి చిల్లు ఓ పక్కకి పోతాది. మురుగన్ ఒకటి తిన్నాడు. తిని, నెమ్మదిగా, మర్యాదగా అడిగినాడు, "దీదీ, కొత్త వంటమనిషిని పెట్టుకున్నారా?" అని. తిట్టినా బావుణ్ణు. లోపలికెళ్లి ఏడిసీసినాను. నలభై ఏళ్లు సేసిన సెయ్యి, నాది కాదన్నట్టయిపోనాది.

"మూసీద్దామే" అన్నాడు మీ తాత. మూసీసినాం. తొమ్మిది రోజులు. గుమ్మంలో కుర్చీ ఏసుకుని కూకునీదాన్ని. బస్సు వొచ్చి, కాస్త నెమ్మదై, మళ్లీ ఎల్లిపోయీది. నాకు కోపమొచ్చీది, బస్సు మీద కాదు, ఈ రెండిటి మీద. పేర్లు కూడా పెట్టినాను. కుడిది మా అత్త, ఎడందేమో మా ఆడబిడ్డ.

పదో రోజున తలుపు బాగుసెయ్యడానికి రాంచీ వడ్రంగి ఒకాయన వొచ్చినాడు. నాకు టక్కున తట్టినాది. "భయ్యా, నాను నేల మీదకి దిగలేను, నేలనే నా కాడికి లేపుతావా?" అన్నాను. నాకు మతి పోయిందనుకున్నాడు పాపం. తరవాత టేపు తీసి కొలిసినాడు. తొడెత్తున చెక్క అరుగు కట్టినాడు. అంచుకి ఆనుకుని ఎక్కి కూకోడమే, కాళ్లు కిందికి ఏలాడేసి. కుడిచేతి కాడ పొయ్యి, ఎడంచేతి కాడ పిండి, ఉప్పు డబ్బా ఎక్కడుండాల్నో అక్కడే.

మొదటి రోజు మురుగన్ వొచ్చి తిన్నాడు. ప్లేటు మళ్లీ సాపినాడు.

అదే బస్సులోంచి ఓ బెంగాలీ ముసలమ్మ దిగినాది. గుమ్మానికెదురుగా అంత ఎత్తున నాను, ఇంత బొట్టు, సుట్టూ పొగ. సెప్పులిప్పీసి దణ్ణం పెట్టీసినాది. నాను మాత్రం ఏటి సెయ్యను, సేతిలో జల్లిగరిటె ఉంటే దాంతోనే ఆశీర్వదించీసి, రెండు వడలిచ్చినాను. కళ్లకద్దుకుని తిన్నాది. ఆవిడ్ని సూసి ఎనకాలోళ్లూ ఇప్పీసినారు. ఇప్పటికీ సగంమంది ఇప్పుతారు. నాను వొద్దన్ను, నేల తుడిసే పని తగ్గినాది.

నొప్పి పోయిందా అంటావా? ఎక్కడికి పోతాది. అత్తా ఆడబిడ్డా పొద్దున్న నాకన్నా ముందే లెగుస్తారు. ఇంకెన్నాళ్లు సేస్తావంటాది డాక్టరమ్మ. నాకేటి తెలుసు, సెయ్యి సేస్తన్నాది, సేయించుకుంటన్నాను.

ఇప్పుడు గోలంతా మీ తాతది. టీ పోస్తూ నిలబడలేకపోతన్నాడు. "నన్నూ నీ పక్కన కూకోనీవే" అంటాడు. ఇద్దరం ఎక్కితే జనం హుండీ ఎక్కడని అడుగుతారు, పోవయ్యా అని కసిరినాను. కసిరినాను గాని... ఆయనకి సెప్పకు. నిన్న ఆ వడ్రంగి భయ్యాకి ఫోన్ సేసినాను, అరుగు ఇంకో రెండు మూరలు పెంచమని. ఆ మడిసి పక్కన లేకపోతే నాకు వడ ఎయ్యాలనిపించదే తల్లీ.

ఇంకేటి... నువ్వు సల్లగుండు, నీ మోకాళ్లు సల్లగుండాల, నీ మొగుడొస్తే ఆడి నడుం కూడా... అదిగో, మీ తాత వొస్తన్నాడు, ఆపీ.