పక్కకు తప్పుకున్న గిడ్డంగి

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. కోల్డ్ స్టోరేజీ కంపెనీలో చీఫ్ అకౌంటెంటుగా ఉన్న బావ అబద్ధాలు అతకడంతో ఆగేవి కావు. గోడలు కట్టి, పైకప్పు వేసి, వినేవాణ్ణి అందులో కాపురం పెట్టించేవి. ఆఫీసు వెనక సందులోని టీ బంకు దగ్గర మధ్యాహ్నం పూట ఆయన నోరు విప్పితే, చేతిలో గ్లాసు చల్లారిపోతున్నా లేచేవాడు ఉండడు.

ఆనాడు మాత్రం ఒకడికి లేచిపోవాలని ఉంది. ఆయన అతడికే బావ; అతడు ఆయన భార్యకు స్వయానా తమ్ముడు, అదే కంపెనీలో శీతల గదుల యంత్రాలు చూసే ఇంజనీరు. "మన ఇంటివాడు, పెట్టమన్నచోట సంతకం పెడతాడు" అని బావ చెప్పిన మీదట యజమాని ఈమధ్యనే అతణ్ణి డైరెక్టరును చేశాడు. ఏడాది లెక్కల మీద ఇవాళ సాయంత్రంలోగా అతడు సంతకం చేయాలి. మేడ మీద ఆడిటర్లు ఎదురుచూస్తున్నారు. చూపవలసిన బాకీలన్నీ చూపామన్న వాక్యం కింద తన పేరు అచ్చయి ఉండడం పొద్దున చూశాడు.

"లీజు అనగానే జనం ఎందుకు బెదిరిపోతారో నాకర్థం కాదు," బల్ల మీద కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని బావ మొదలుపెట్టాడు. "పదేళ్ళకి బిల్డింగు అద్దెకి తీసుకున్నావనుకో, ఆ పదేళ్ళూ కట్టబోయే అద్దెంతా ఇవాళే బాకీ కింద రాయాలట. బాకీ పెరిగిందా, బ్యాంకువాడు అప్పు వెనక్కి ఇమ్మంటాడు. సరే, ఏడాదికే తీసుకుంటే? మూటా ముల్లే సర్దుకుని పోయేవాడికి బాకీ ఏంటి, రాయక్కర్లేదు. మరి నేనేం చేశానూ, ఊరి చివర గిడ్డంగి ఉందే, దాని పదేళ్ళ కాగితం చింపించి ఏడాది కాగితం రాయించా. ఏడాది తీరగానే మళ్ళీ ఏడాది. పుస్తకం తిరగేసి చూడు, గిడ్డంగీ లేదు, బాకీ లేదు."

"ఇంతేనా?" టీ బంకాయన పెదవి విరిచాడు. "మా ఇంటి అద్దె కాగితం నేనూ ఏటేటా మారుస్తానండీ, ఎవరికీ చెప్పుకోను గానీ."

బావకు పౌరుషం వచ్చింది. "ఇంతేనా అంటావేంటయ్యా, అది విత్తనం, ఇక మాను చూడు. ఒక్కదానితో రుచి మరిగిన చెయ్యి ఊరుకుంటుందా, ఉన్న గిడ్డంగులన్నిటికీ అదే మందు వేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిందటేడు ఒక ఆడిటరు తగిలాడు, మొండిఘటం, కళ్ళారా చూస్తేగానీ నమ్మనని కారెక్కాడు. ఆయన మలుపు తిరిగేలోగా నేను గిడ్డంగి చెవిలో ఒక్క మాట వేశా, 'నీది ఏడాది లీజేగా తల్లీ, ఒకచోటే ఉండాలని రాసుందా' అని. అంతే, ఒళ్ళు విదిలించుకుని లేచి, బురదలో నడిచే మనిషి బట్టలెత్తి పట్టుకున్నట్టు షట్టర్లు పైకెత్తి పట్టుకుని, పక్క వీధిలోకి తప్పుకుంది."

"లోపలి సరుకో?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న టాక్సీ డ్రైవరు.

"పెట్టె ఒరగలేదు. లోపలున్న కాపలావాడికి మెలకువే రాలేదు."

అందరూ పగలబడ్డారు. బావమరిది నవ్వలేదు. గిడ్డంగి నడవడం కోతే, సందేహం లేదు. మరి ఆ ముందు మాటో? పొద్దున లెక్కలు చూసినప్పుడు, ఇంత పెద్ద కంపెనీకి ఇంత తక్కువ బాకీనా అని లోలోపల మురిసిపోయిన సంగతి ఇప్పుడు గుర్తుకొచ్చింది. తక్కినవారికి కోత ఎంత ఎత్తుకు పోతుందోనన్న కుతూహలం. అతనికేమో అది ఎక్కడ మొదలైందోనన్న దిగులు.

"ఇంకా వినండి," బావ గొంతు పెంచాడు. "ఆ ఖాళీ జాగాలో ఆడిటరు తల గోక్కుంటుంటే, 'తమరు నిలబడ్డ నేల కూడా ఏడాది లీజేనండీ, కాస్త చూసుకోండి' అన్నా. పాపం, వెళ్ళేదాకా ఒంటికాలి మీదే నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఆఫీసు, ఆఫీసు మెట్లు, మెట్ల మీద పడే మా యజమాని నీడ, అన్నీ ఏడాదికే రాయించేశా. చివరికి, ఎండ మనదైతే అదీ లెక్కల్లో చూపాలంటారేమోనని పైవాడితో బేరమాడి సూర్యుణ్ణి రోజు అద్దెకి తెచ్చా. పొద్దున దింపుతాడు, సాయంత్రం పట్టుకుపోతాడు. రాత్రంటే ఏమనుకుంటున్నారు మీరు? లీజు తీరడం."

"మబ్బేసిన రోజు అద్దె తగ్గిస్తాడా అండీ?" అన్నాడు టీ బంకాయన.

"సగానికి సగం."

డ్రైవరు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. బావమరిది గ్లాసును బల్ల మీద పెట్టేశాడు. సంతకం పెట్టినవాడినే రేపు బోనులో నిలబెడతారు. బావ చెప్పాడు, నేను పెట్టాను అంటే వినే న్యాయమూర్తి ఎక్కడుంటాడు? పెట్టకపోతే బావ ఉద్యోగం పోతుంది, అక్క ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా అడిగాడు.

"బావా, ఒక్క మాట అడగనా?"

"అడగరా బామ్మర్దీ, నీకంటే ఎక్కువవాళ్ళా వీళ్ళు."

"ఊరి చివర గిడ్డంగిలో నేల తవ్వించి, కాంక్రీటు కింద పైపులు పరిపించింది నేనే. నేల పగలగొడితే గానీ అవి పైకి రావు. వస్తే పాత ఇనుము కింద అమ్ముకోవడమే. మిగతా వాటిలోనూ అంతే చేశాను, నువ్వే డబ్బు మంజూరు చేయించావు. ఏడాదిలో ఖాళీ చేసి పోయేవాడు ఎవడైనా నేల తవ్వుకుంటాడా? కాగితం ఎన్నాళ్ళదైతేనేం, కదిలే ఉద్దేశం మనకి లేనప్పుడు ఆ అద్దె బాకీ కాదా?"

ఎవరూ నవ్వలేదు. టీ బంకాయన మంట తగ్గించాడు.

"టీ దగ్గర మాటలురా అవి," అన్నాడు బావ. "కథ."

"ఏది కథ బావా? గిడ్డంగి నడవడమా, ఏడాది కాగితమా?"

బావ డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు తన గ్లాసు అడుగు చూసుకుంటున్నాడు.

మేడ మీద కిటికీ రెక్క తెరుచుకుంది. "డైరెక్టరు గారూ, మీ సంతకం కోసమే ఆగాం," అని పిలుపు వినిపించింది.

అతడు లేచాడు. బావ అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఇంతసేపూ భయం తనదొక్కడిదే అనుకున్నాడు.

"మీ అక్క మొహం చూడరా," బావ గొంతు ఇద్దరికే వినిపించేంత తగ్గింది. "ఆ ఆడిటర్లకి ఏం చెప్తావు?"

"నువ్వు ఇందాక మా అందరికీ చెప్పిందే," అన్నాడు చేయి మెల్లగా విడిపించుకుంటూ. "గిడ్డంగి లేచి నడిచే ముందు వరకు."