అంచు మీద చుక్కలు

పెనుకొండలో జారిపడి తుంటి విరిగిన పెద్దాయన హిందూపురంలో కూతురింట్లో ఉన్నాడు. లేచి చేనికి పోతానని ఒకటే పట్టు. ఆపరేషన్‌లో తీసిన ఎముక ముక్క బెంగుళూరు నుంచి గాజుపలక మీద వచ్చింది. నడిచే గట్టితనం ఉందో లేదో తేల్చడానికి, అందులో ఎముక ఎంత, సందులెంత అని డాక్టర్లయిన కూతురూ అల్లుడూ చెరో పద్ధతిలో కొలిచారు.

"నేను మైక్రోస్కోపులో కనిపించే బొమ్మను అట్ట మీద గీసి, ఎముక వరకూ కత్తిరించి తాసులో తూచినా. మీరు?" అని కూతురు మొగుణ్ని అడిగింది.

"నేను మైక్రోస్కోపులోనే చుక్కలుండే గాజుబిళ్ల పెట్టి, ఎముక మీద పడిన చుక్కలు లెక్కపెట్టినా. రెండూ ఒకటే వచ్చినాయి. ఇంకేం, మామ ఎముక గట్టిదే!"

ఆమెకు నమ్మాలనే ఉంది.

"ఎముక అంచు మీద పడిన చుక్కల్ని ఏం చేసినారు?"

"ఎముక లెక్కలోనే వేసినా."

"అన్నీనా? సగమే కదా వేయాల్సిండేది?"

"మామది కదా. తీసేయను చెయ్యి రాలేదు."

ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

"నేనూ గీతకు బయటే కత్తిరించినా."

"అయితే మళ్లీ కొలుద్దాం. ఈసారి మా అమ్మదనుకుందామా?"

"అబ్బో! అప్పుడు సందులు కూడా ఎముకే అంటారు మీరు."

లోపలి గదిలోంచి తండ్రి కేక వినిపించింది.

"ఏమ్మా, గట్టిదేనా?"

"ఇంకా కొలుస్తాండాం నాయనా!"