పొగొచ్చింది, సెగ రాలేదు

ఆమదాలవలస. శనివారం సాయంత్రం నాలుగు గంటలు. పెరట్లో కుళాయి దగ్గర అత్తా కోడలూ.

"కుండీ ఎక్కడుంటే ఏటి? మొక్కకి నీడుంటే సాలు. నీళ్ళగది ఎనక బోల్డు నీడ."

"నీడ ఉందత్తా, సబ్బునీళ్ళూ ఉన్నాయి. మాచిపత్రి చచ్చిపోతాది. మూడేళ్ళుగా మెట్ల మీదే ఉంది కదా, ఇవాళ ఏటొచ్చింది?"

"మెట్ల మీద అడ్డం."

"మూడేళ్ళు లేని అడ్డమా?"

"కొన్ని అడ్డాలు ఆలస్యంగా కనపడతాయి."

"సరే, నేనే తెచ్చి మళ్ళీ పెట్టేస్తాను. ఇంతకీ అంత బరువు నువ్వెలా మోసావు? మోకాళ్ళు ఇప్పుడిప్పుడే..."

"మీ మావ మోసినాడు. నా మోకాళ్ళ సంగతి ఒగ్గీ."

"కోపం దేనికో చెప్పు మరి. వినాయకచవితికి యమునక్క పత్రి అడిగితే ఇవ్వలేదనా?"

"అదొకటి. 'పరిశోధన మొక్క, ఆకు ముట్టొద్దు' అన్నావు. పొరుగామెని వట్టి సేతుల్తో పంపినాను. ఆ ఆకంతా ఎండబెట్టి, నా రోట్లో నానే దంచి దూది సేసినాను. కూసోలేక కూసోని."

"నిజమే. నువ్వు లేకపోతే నా మోక్సా సెగ వైద్యమే లేదు. థీసిస్ మొదటి పేజీలో నీ పేరు రాశాను. ఉండు, తెచ్చి చూపిస్తాను."

"పేజీ తరవాత. నీ సంచిలో గిన్నెలు కడిగినాను."

"ఏ గిన్నెలు?"

"మోకాలి మీద ఎట్టి ఆ దూది కాల్చేదానివి కదా, ఆ బుల్లి గిన్నెలు. నలభై."

"అత్తా! అవి కడగమని ఎవరన్నారు?"

"మసి పట్టీసున్నాయి. సోమవారం కాలేజీకి అలాగే పట్టుకెళ్తే అత్తనే అంటారు. కడిగినాను. సగం వాటికి అడుగున బొక్కున్నాది. సగం వాటికి మూసుకుపోనాది. మసి అనుకోని సీపురు పుల్లెట్టి పొడిసినాను. పుల్ల ఇరిగిపోనాది."

"ఆ గిన్నెలు ఇటివ్వు అత్తా."

"మసి కాదు. రేకు. పైనించి సూస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి. దీవెనా, పదిహేడో నెంబరు ఎవరిది?"

"నలభైమంది అత్తా. ఎవరిదేదో ఎలా గుర్తుంటాది?"

"నాకు గుర్తున్నాది. ఆ నెంబరున్న కవరు తీసింది నాను. పదిహేడుకి బొక్క లేదు. ఎనిమిది వారాలు పొగొచ్చింది, సెగ రాలేదు."

"కూర్చో అత్తా. చెప్తాను."

"నిలబడే వింటాను. సెప్పు."

"పరిశోధనంటే అంతే. సగం మందికి నిజమైంది పెడతాం, సగం మందికి ఉత్తిది. ఎవరికేది వచ్చిందో వాళ్ళకి తెలీకూడదు. తెలిస్తే మనసుకే తగ్గినట్టు అనిపిస్తాది. అందుకే రేకు. ఇది నేను కనిపెట్టింది కాదు, ప్రపంచమంతా ఇలాగే చేస్తారు. నీ చేత సంతకం పెట్టించిన కాగితంలో కూడా ఉంది."

"సదివి వినిపించినావు. 'రెండు రకాల వైద్యాల్లో ఏదో ఒకటి' అన్నావు. రెండు రకాలంటే దోసకాయ పప్పు, దోసకాయ పచ్చడి అనుకున్నాను. కూడూ, కూడు బొమ్మా అనుకోలేదు."

"అలా కాదు..."

"మా అమ్మ పసుపుకొమ్ము కాల్చి వాతెట్టీది. మడమ మీద ఇప్పటికీ మచ్చున్నాది, సూడు. నొప్పి తగ్గిందో లేదో గానీ, వాతంటే వాతే. రేకెట్టి కాల్చలేదు."

"చెబితే చదువు మొత్తం పాడైపోయేది అత్తా."

"సెప్పమని నానడగలేదు. మూడోవారం ఏటడిగినాను? చర్చిలో మా బెంచీ గున్నమ్మ మోకాలు ఎర్రగా కందింది, నాది కందలేదేటి, సెగ తగలదేటి అని అడిగినాను. నువ్వేటన్నావు?"

"గుర్తులేదు."

"గుర్తున్నాది."

"...ఏదో అన్నాను."

"'నీ చర్మం మొద్దుది అత్తా' అన్నావు. నవ్వినావు. నానూ నవ్వినాను."

"ఏదో ఒకటి చెప్పాలి కదా. అడిగేశావు, పక్కన పదిమంది ఉన్నారు..."

"ఊరుకోవచ్చు. 'తరవాత సెప్తానత్తా' అనొచ్చు. ఆ కాగితంలో నవ్వమని కూడా రాసున్నాదేటి?"

"తప్పే. నవ్వడం తప్పే."

"ఆ మాట పట్టుకోని చర్చిలో నిలబడినాను. అందరి ముందూ సాక్ష్యం సెప్పినాను. 'నిప్పు నా ఒంటి మీద మండింది, నన్ను కాల్చలేదు, బైబిల్లో గుండంలో ఏసినా ఎంట్రుక కాలని ఆ ముగ్గురికి మల్లే' అన్నాను. పాస్టరుగారు కళ్ళు మూసుకోని హల్లెలూయ అన్నారు. ఆ రోజు నువ్వు ఏ బెంచీలో కూసున్నావు?"

"...వెనక."

"ఎనక. అడుగున రేకున్నాదని దేవుడికి తెలుసు, నీకు తెలుసు. నిలబడ్డదానికే తెల్దు."

"అప్పుడు లేచి ఏం చెప్పను అత్తా?"

"అప్పుడొద్దు. ఇంటికొచ్చి సెప్పొచ్చు. నా మాట మీద పదకొండుమంది నీ పరీచ్చకి వచ్చినారు. నొప్పి మాత్రలు మానాలన్నావు, మానీసినారు. గున్నమ్మ రెండు వారాలై చర్చికి రాలేదు. పొలం పనంటాది. ఆ ఇంటికి పొలమేదే?"

"నువ్వు నన్నే అంటున్నావు. నా గతి చూశావా? మూడేళ్ళు పోయాయి నావి."

"ఏటైంది?"

"ఏమీ రాలేదు. అదే అయింది. నిజమైంది పెట్టినవాళ్ళకి ఎంత తగ్గిందో, రేకు పెట్టినవాళ్ళకీ అంతే తగ్గింది. తేడా లేదు. మాచిపత్రి సెగకి ఏ గుణమూ లేదని నా చేత్తో నేనే రాసి సోమవారం ఇవ్వాలి. మా మేడం నవ్వింది, 'మీ ఊరివాళ్ళకి పొగ చూపిస్తే చాలేమో' అంది."

"ఉత్తిది పెట్టినోళ్ళకి తగ్గితే మంచిదే కదేటి?"

"వాళ్ళకి తగ్గకూడదు అత్తా! వాళ్ళకి తగ్గకుండా, మిగతావాళ్ళకి తగ్గితేనే కదా సెగ పనిచేసిందని రుజువు. ఉత్తిది పెట్టిన ఇరవైమందిలో అందరికంటే ఎక్కువ ఎవరికి తగ్గిందో తెలుసా? నీకు. నొప్పి పదికి ఎనిమిది నుంచి ఒకటికి. రేకు పెట్టిన మోకాళ్ళకి!"

"...మళ్ళీ సెప్పు."

"ఏది?"

"నాకు తగ్గబట్టి నీ సదువు పాడైందా?"

"నీ ఒక్కదాని వల్లా అనను. మీ బెంచీ అంతా అంతే. చివరి వారం రెండు, ఒకటి, ఒకటి, సున్నా. అంత బాగా తగ్గడం నేనెక్కడా చదవలేదు."

"స్టాన్లీని పిలు. మీ మావని కూడా."

"ఇప్పుడు వాళ్ళెందుకు? మనిద్దరం మాట్లాడుకుంటున్నాం కదా."

"పిలవే. అందరి ముందూ ఒక్కసారే సెప్తాను. రెండుసార్లు సెప్పనేను."

"ఏవండీ... మావయ్యని తీసుకుని ఒకసారి పెరట్లోకి రండి. అత్త పిలుస్తోంది."

"ఏటమ్మా? ఇంకా ఆ కుండీ గొడవేనా? మీ ఇద్దరి మధ్యా నన్ను పెట్టొద్దు, కొడుకునీ నేనే, మొగుణ్నీ నేనే."

"నన్ను మళ్ళీ మోయమంటే మోయను కృపా, ముందే సెప్తన్నాను. నడుం పట్టీసింది."

"కుండీ కాదు. ఇద్దరూ ఇలా గట్టు మీద కూసోండి. దీవెనా, నువ్వూ కూసో. పెతీ శుక్రవారం శ్రావణి అని ఒక పిల్ల కాగితం పట్టుకోని వచ్చేది, 'నొప్పి పదికి ఎంతమ్మా' అని అడిగేది. మొదటి శుక్రవారం ఎనిమిదన్నాను. అది నిజం."

"తరవాత తగ్గింది కదమ్మా?"

"రెండో శుక్రవారం ఆ పిల్ల కలం పట్టుకోని నా మొహంలోకి సూసింది. కోడలి సదువు, సొంత అత్తే ఎనిమిదంటే దాని మొహం ఏటవుతాది అనుకున్నాను. ఆరన్నాను. తరవాత నాలుగు. ఆకరికి ఒకటి. సున్నా అంటే నమ్మరని ఒకటి."

"అత్తా..."

"మా బెంచీవోళ్ళకీ నానే సెప్పినాను. 'మా పిల్ల పరీచ్చ ఇది, తగ్గించి సెప్పండే' అని. గున్నమ్మ సున్నా సెప్పింది. మొండిది, ఏదైనా పూర్తిగా సేస్తాది."

"మెట్లు దిగినప్పుడల్లా నా బుజం పట్టుకునేదానివి కృపా. పెద్దతనంలో పేమ పుట్టుకొచ్చింది అనుకున్నాను."

"నొప్పి పుట్టుకొచ్చింది."

"మూడేళ్ళు అత్తా. మూడేళ్ళు. ఎనిమిది వారాలు నా మొహం చూస్తూ అబద్ధం ఎలా చెప్పగలిగావు?"

"నువ్వూ ఎనిమిది వారాలేనమ్మా."

"నాది అబద్ధం కాదు, అది పద్ధతి..."

"దీవెనా, ఊరుకో."

"ఎందుకు ఊరుకోవాలండీ? సోమవారం నేనేమని ఇవ్వాలి?"

"సోమవారం ఇవ్వొద్దు. మీ మేడం దగ్గరికి నానూ వస్తాను. పదిహేడో నెంబరు ఎనిమిది అని సెప్తాను. సెగకి గుణం ఉన్నాదో లేదో నాకు తెల్దు. నీకూ తెల్దు. మనిద్దరం కలిసి ఎవరికీ తెలీకుండా సేసినాం."

"అమ్మా, మరి సాక్ష్యం?"

"అందులో సగం నిజమే. నిప్పు కాల్చలేదన్నది నిజం. నొప్పి పోయిందన్నదే అబద్ధం. మద్దేన్నం పాస్టరుగారికి ఫోన్ సేసినాను, రేపు సాక్ష్యాలప్పుడు నా పేరు పిలుస్తారు. అప్పుడు నీ గిన్నె సంగతి సెబుదామనుకున్నానే దీవెనా, నిన్ను నిలబెట్టి. ఇప్పుడు నాది కూడా సెప్పాల."

"అందరి ముందూనా అత్తా?"

"అందరి ముందే కదా అన్నాను. నువ్వు ఎనక కూసోవద్దు, ముందుకు రా. ఆ కాగితాలు పట్రా. అది విన్నాక మా బెంచీవోళ్ళు నిజం సెప్తారు, రాసుకో."

"సరే అమ్మా. రేపు నేను ముందు బండి తీస్తాను, నాన్నా నువ్వూ ఆటోలో..."

"ఒరే స్టాన్లీ, బండి మీద ఒక కుర్చీ కూడా ఎట్టు. పోయినసారి బెంచీ పట్టుకోని నిలబడి సెప్పినాను. ఈసారి కూసోని సెప్తాను."